కాలనీ ఖాళీ స్థలంలో ఉమ్మడి కూరతోట: విశాఖలో మొదలుపెట్టేవారికి

ఎంవీపీ కాలనీ నుంచి మధురవాడ దాకా, గాజువాక నుంచి పెందుర్తి దాకా ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది: "మా వీధిలో ఖాళీ స్థలం ఉంది, చెత్త పడుతోంది, అందరం కలిసి కూరగాయలు పండించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" ఏ విత్తనాలు వేయాలని అడిగేవారు ఎక్కువ, కోసిన కూర ఎవరికి చెందుతుందని అడిగేవారు తక్కువ. ఉమ్మడి తోటలు రెండో ఏడాదికి పిచ్చిమొక్కల పాలవడానికి చాలావరకు కారణం ఆ రెండో ప్రశ్నను వాయిదా వేయడమే. అందుకే ఈ పద్ధతిలో విత్తనం ఆరో మెట్టు దగ్గర గానీ రాదు. వరుస మార్చకుండా చేయండి.

కావలసినవి

ఈ లెక్క ఆరు మడులకు సరిపోతుంది. ఒక్కో మడి 4 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు. ఎక్కువ స్థలం ఉన్నా మొదటి ఏడాది ఇంతకు మించి వద్దు.

- మడుల మధ్య రెండడుగుల దారులతో కలిపి 20 అడుగుల వెడల్పు, 26 అడుగుల పొడవు గల స్థలం.
- వేసవిలో రోజుకు సుమారు 110 లీటర్ల నీరు, మూత గట్టిగా పడే 200 లీటర్ల డ్రమ్ములు రెండు.
- బాగా మాగిన పశువుల గత్తం, మడికి దాదాపు 100 కిలోల చొప్పున; వేపపిండి, మడికి ఒక కిలో.
- పార, గునపం, రెండు తట్టలు, రోజ్ క్యాను (నీటిని జల్లులా చల్లే డబ్బా), కొడవలి, సరుగుడు కర్రలు, కొబ్బరి తాడు, కాటా.
- కనీసం ఎనిమిది ఇళ్లు.
- ఒక నోటుపుస్తకం. గునపం లేకపోతే పక్కింటివారిని అడిగి తెచ్చుకోవచ్చు, పుస్తకం లేకపోతే తోట నడవదు.

1. ముందు మనుషులను కూడగట్టండి

వాట్సాప్ గ్రూపులో సందేశం పెడితే నలభై బొటనవేళ్లు వస్తాయి, పనికి నలుగురు వస్తారు. ఇంటింటికీ వెళ్లి, "వారానికి రెండు గంటలు ఇవ్వగలరా, ఏ రోజు, ఏ వేళ?" అని మాత్రమే అడిగి, జవాబును పుస్తకంలో రాసుకోండి. ఎనిమిది ఇళ్లు తేలకపోతే మడుల సంఖ్య తగ్గించండి, తోట ఆలోచన మానుకోనక్కరలేదు.

అద్దెకున్నవారిని తప్పకుండా కలుపుకోండి. సొంతింటివారి సంఘాల్లో వారికి మాట ఉండదు కాబట్టి ఇలాంటి పనిలో వారే ముందుకు వస్తారు. పిల్లల దగ్గర ఉండడానికి ఊరి నుంచి వచ్చిన పెద్దవారిని, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబాలను ప్రత్యేకంగా అడగండి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల నుంచి వచ్చిన ఆ మామ్మలకు, తాతయ్యలకు, ఆ వాచ్‌మన్ దంపతులకు నారు పోయడం, పందిరి కట్టడం మనలో చాలామందికంటే బాగా తెలుసు. అయితే వాచ్‌మన్ కుటుంబాన్ని కూలికి పిలవకండి, అందరితో సమానమైన వాటా ఉన్న సభ్యులుగా చేర్చుకోండి. పని వారికి వదిలేసి కూర మాత్రం మేడ మీదికి తెప్పించుకునే పద్ధతి మొదలైందంటే అది ఉమ్మడి తోట కాదు.

2. స్థలానికి కాగితం సంపాదించండి

ఖాళీగా ఉందంటే ఎవరిదీ కాదని అర్థం కాదు. లేఅవుట్‌లో ఉమ్మడి అవసరాలకు వదిలిన స్థలమో పార్కో అయితే, కాలనీ సంఘం తరఫున అర్జీ రాసి మీ వార్డు సచివాలయంలో, జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) జోనల్ కార్యాలయంలో ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి. అర్జీతో పాటు స్థలం ఫొటో, మడుల పటం, బాధ్యత తీసుకునే ఇద్దరి పేర్లు జతపరచండి. కట్టడాలేవీ కట్టబోమని, అడిగినప్పుడు ఖాళీ చేస్తామని స్పష్టంగా రాయండి. అధికారుల సంకోచమంతా సాధారణంగా అక్కడే ఉంటుంది.

ప్రైవేటు ప్లాటు అయితే యజమాని భయం ఆక్రమణ గురించి. "ఈ భూమిపై మాకు ఎలాంటి హక్కూ లేదు, మీరు అడిగితే నిలిచి ఉన్న పంట కోసుకుని నెల రోజుల్లో ఖాళీ చేస్తాం" అని రాసిచ్చి, ఆయన సంతకం తీసుకోండి. ఇందుకు ప్రతిగా ఆయనకు దక్కేది శుభ్రమైన స్థలం, చెత్త వేసేవారు లేని ప్రహరీ. విదేశంలో ఉన్న యజమాని అయితే స్థలాన్ని చూసుకునే బంధువు మౌఖిక అనుమతి చాలదు, యజమాని నుంచే మెయిలు తెప్పించుకోండి.

కొండవాలు కాలనీలవారికి ఒక హెచ్చరిక: రక్షణ గోడల మొదట్లో, కొండ పాదంలో తవ్వకండి. వానాకాలంలో అలాంటి గోడలు కూలిన సందర్భాలు ఈ నగరానికి కొత్త కాదు.

3. కోత నియమం రాయండి

ఒక్క గింజ వేయకముందే అందరూ కూర్చుని దీన్ని తేల్చుకోవాలి. నేను సూచించే నియమం సులువైనది. వారంలో ఒక రోజు, ఒక వేళ కోత రోజుగా పెట్టుకోండి, ఉదాహరణకు ఆదివారం ఉదయం ఏడు గంటలు. ఆ వారం పనికి వచ్చిన ఇళ్లు ఎన్నో లెక్కపెట్టి, దానికి ఒకటి కలిపి, పంటను అన్ని సమాన వాటాలు చేయండి. తొమ్మిది ఇళ్లు పనిచేస్తే పది వాటాలు. ఆ అదనపు వాటా ఎప్పుడూ బయటికి వెళ్లాలి: ఒక వారం అంగన్‌వాడీకి, ఒక వారం వీధి ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులకు, ఒక వారం వంగి పని చేయలేని పెద్దవారి ఇంటికి. రెండు గంటలు చేసినవారికీ మూడు గంటలు చేసినవారికీ తేడా చూడకండి. గంటల లెక్క మొదలుపెడితే తగువు దానంతట అదే వస్తుంది.

కోత రోజు కాకుండా ఎవరూ కోయకూడదు, సంఘం అధ్యక్షుడితో సహా. కానీ దారిన పోయేవారు రెండు కరివేపాకు రెబ్బలు తుంచుకోవడం మన వీధుల్లో ఎవరూ ఆపలేనిది, ఆపడమూ సబబు కాదు. అందుకని కంచె వెంబడి బయటి వరుసను అందరికీ వదిలేయండి. అక్కడ కరివేపాకు, మునగ, గోంగూర నాటి, "ఈ వరుస అందరిదీ" అని పలక రాసి పెట్టండి. ఈ ఒక్క వరుస ఉన్న చోట లోపలి మడుల్లో దొంగతనాలు తగ్గుతాయి, తోటలో చేరనివారు కూడా దాన్ని తమదిగా చూస్తారు.

డబ్బు తక్కువగా పోగుచేయండి, ఖర్చును ఇద్దరు రాయండి. మొదటి పంట రాకముందే ప్రారంభోత్సవం, శిలాఫలకం పెట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. ఫలకం మీద పేరు ఎవరిదన్న చర్చలో నారు ఎండిపోతుంది.

4. ఎండ, నేల, నీరు పరీక్షించండి

ఎండ: ఒకే రోజు ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, మూడింటికి స్థలం ఫొటోలు తీయండి. పక్క అపార్ట్‌మెంట్ నీడ ఎక్కడ పడుతోందో తెలుస్తుంది. కాయకూరలకు ఆరు గంటల ఎండ కావాలి, ఆకుకూరలకు మూడు నాలుగు గంటలు చాలు.

నేల: అడుగు లోతు గొయ్యి తీసి నీటితో నింపండి. నాలుగైదు గంటల్లో ఇంకితే మంచిది, మర్నాటికీ నిలిచి ఉంటే ఎత్తు మడులు తప్పవు. గోతిలో సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు కనిపిస్తే పై అడుగు మట్టిని జల్లించాలి, లేదా తీసేసి కొత్త మట్టి పోయాలి. బీచ్ వైపు కాలనీల్లో ఇసుక ఎక్కువ, అక్కడ నీరు నిలవదు కాబట్టి గత్తం, కొబ్బరి పొట్టు రెట్టింపు వేయండి. ఎర్రమట్టి తెప్పించుకునేటప్పుడు అది ఎక్కడ తవ్వినదో అడగడం మన బాధ్యత. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు రక్షించుకోవలసిన భూవారసత్వ స్థలం, అక్కడి మట్టి మనకు వద్దు.

నీరు: సముద్రానికి దగ్గరి బోర్లలో ఉప్పు ప్రధాన సమస్య. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ఎవరింట్లోనో ఉంటుంది, దానితో చూడండి. వెయ్యి లోపు ఉంటే దాదాపు అన్నీ పండుతాయి. అంతకంటే బాగా ఎక్కువైతే చిక్కుడు, ముల్లంగి తట్టుకోలేవు. పాలకూర, మునగ కొంత తట్టుకుంటాయి. మట్టి మీద తెల్లటి పొర కడుతుంటే ఉప్పు పేరుకుంటున్నట్లే, వానలప్పుడు మడిని బాగా తడిసి కారనివ్వాలి. ఆర్వో యంత్రం వదిలే నీటిలో ఆ ఉప్పంతా చేరి ఉంటుంది, దాన్ని మొక్కలకు పోయకండి. ఏసీ నుంచి కారే నీరు, బియ్యం కడిగిన నీరు నిరభ్యంతరంగా పోయవచ్చు. గెడ్డ నీరు ఎంత దగ్గరగా పారుతున్నా వాడకండి. నగరంలోని గెడ్డలు మురుగు మోస్తున్నాయి, పచ్చిగా తినే కొత్తిమీరకు ఆ నీరు ప్రమాదం.

పోర్టుకు దగ్గరగా, డాబాల మీద నల్లటి పొడి పేరుకునే ప్రాంతాల్లో ఆకుకూరలు తగ్గించి బీర, ఆనప, బెండ వంటి కాయకూరలు పెంచండి. పండినదేదైనా మూడు నీళ్లలో కడిగాకే వండండి.

5. మడులు కట్టండి

చుట్టూ కంచె ముందు వేయండి, లేకపోతే ఆవులు ఒక్క రాత్రిలో పని ముగిస్తాయి. మట్టిని అడుగు లోతు తిరగేసి, గత్తం రెండంగుళాల మందాన పరచి, వేపపిండి చల్లి కలిపి, మడిని దారి కంటే అరడుగు ఎత్తు చేయండి. నాలుగడుగులకు మించి వెడల్పు వద్దు; ఇరువైపుల నుంచీ చేయి మధ్యకు అందాలి, మడి లోపల ఎవరూ అడుగు పెట్టకూడదు. గత్తం మాగిందో లేదో గుప్పిట్లో పట్టి చూడండి: వెచ్చదనం, పేడ వాసన ఉంటే ఇంకా మాగలేదు, అలాంటిది వేళ్లను మాడుస్తుంది. నీరు చల్లి పది రోజులు వదిలేయండి. మొలిచిన కలుపును పీకాక విత్తండి.

6. మొదటి విత్తు: ఆకుకూరలు మాత్రమే

అందరూ ముందు టమాటా అడుగుతారు. వద్దు. మొదటి నెలలోనే చేతికి ఏదో ఒకటి రాకపోతే ఎనిమిది ఇళ్లు నాలుగవుతాయి. మెంతికూర మూడు వారాలకు, తోటకూర నాలుగు వారాలకు, పాలకూర ఐదు వారాలకు కోతకొస్తాయి, గోంగూర కాస్త ఆలస్యం. నాలుగు మడుల్లో ఇవి వేసి, రెండు మడులు తీగల కోసం ఉంచండి.

తోటకూర గింజ నలుసంత ఉంటుంది. గుప్పెడు పొడి ఇసుకలో కలిపి చల్లితేనే సమంగా పడుతుంది. పైన పలుచగా మట్టి జల్లి, రోజ్ క్యానుతో తడపండి. పైపుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకు చేరుతాయి. నాలుగైదు రోజుల్లో మొలకలు రాకపోతే విత్తనం పాతదై ఉండాలి, అందుకే ముందే పది గింజలను తడిగుడ్డలో మూటకట్టి చూసుకోండి. ఏడు మొలిస్తే వాడవచ్చు.

కోసేటప్పుడు వేళ్లతో సహా పీకకుండా, నేలకు రెండు వేళ్ల ఎత్తున కొడవలితో కోస్తే తోటకూర, పాలకూర మళ్లీ చిగురిస్తాయి. ఒకే మడిలో అంతా ఒకేరోజు చల్లితే ఒక ఆదివారం కట్టలు మిగిలిపోతాయి, తరువాతి ఆదివారం ఏమీ ఉండదు. మడిని మూడు భాగాలు చేసి పది రోజుల తేడాతో చల్లండి.

ఏప్రిల్, మే నెలల్లో మొదలుపెట్టేవారు తోటకూర, బచ్చలి, గోంగూరలతో సరిపెట్టుకుని సగం నీడనిచ్చే వల కట్టాలి. అన్నిటికంటే మంచి ఆరంభం జూన్ చివర, తొలకరి తరువాత.

7. పందిరి, కాయకూరలు

ఆకుకూరలు రెండు కోతలు అయ్యాక తీగలకు రండి. సరుగుడు కర్రలను అడుగున్నర లోతు పాతి, ఆరడుగుల ఎత్తున పందిరి వేసి, ఆనప, బీర పాదులు పెట్టండి. పాదుకు మూడు గింజలు వేసి, మొలిచాక బలమైనది ఒక్కటి ఉంచండి. బెండ గింజ నేరుగా విత్తవచ్చు. వంగ, మిరప, టమాటాలకు సెప్టెంబరులో నారు పోసి, పెద్ద వానలు తగ్గాక నాటండి.

"పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయి, ఏ మందు కొట్టాలి?" అన్నది ఇక్కడ తప్పకుండా వచ్చే ప్రశ్న. చాలాసార్లు మందు అక్కరలేదు, పరాగం అందకపోవడమే కారణం. ఆనప పూలు తెల్లగా సాయంత్రం విచ్చుకుంటాయి, ఆ వేళ నగరంలో వాటిని వెతుక్కుంటూ వచ్చే పురుగులు తక్కువ. పువ్వు కింద వేలెడంత పిందె ఉన్నది ఆడపువ్వు, ఉత్త కాడ ఉన్నది మగపువ్వు. పొద్దుగుంకే వేళ మగపువ్వు తుంచి, రేకులు ఒలిచి, మధ్యనున్న పుప్పొడి కాడను ఆడపువ్వు లోపల మెల్లగా తాకించండి. పిల్లలకు ఈ పని అప్పగిస్తే పోటీలు పడి చేస్తారు. తాకించిన పూలకు దారం ముక్క కట్టమనండి. నాలుగు రోజుల తరువాత దారం ఉన్న పిందెలు లావెక్కి, లేనివి రాలుతుంటే కారణం తేలిపోయినట్లే.

8. ఎరువు

వీధి తడిచెత్తే ఎరువు. ఒక పాలు వంటింటి వ్యర్థానికి రెండు పాళ్లు ఎండుటాకులు వేసి, గాలి ఆడే డబ్బాలో పొరలుగా నింపి, వారానికోసారి తిరగేస్తే రెండు నెలల్లో మట్టి వాసన వచ్చే ఎరువు తయారవుతుంది. కంపు కొడితే తడి ఎక్కువైంది, ఎండుటాకులు కలపండి. రైతు బజార్ల దగ్గర సాయంత్రానికి మిగిలే క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆకులు అడిగి తెచ్చుకోవచ్చు. చేపల వ్యర్థాన్ని మాత్రం డబ్బాలో వేయకండి, పిల్లులు, కుక్కలు తిరగేస్తాయి; మొక్కల మొదళ్లకు దూరంగా, అడుగున్నర లోతున పాతిపెట్టి పైన మట్టి తొక్కండి.

జీవామృతం కావాలంటే 20 లీటర్ల నీటిలో కిలో ఆవు పేడ, లీటరు గోమూత్రం, 200 గ్రాముల నల్లబెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి నీడలో ఉంచి, రోజుకు రెండుసార్లు కర్రతో తిప్పుతూ రెండు రోజులు ఆగండి. లీటరుకు పది లీటర్ల నీరు కలిపి పదిహేను రోజులకోసారి మొదళ్లలో పోయండి. వారం దాటితే పారబోయండి. అనకాపల్లి పక్కనే ఉన్నవారికి బెల్లం కరువు లేదు; ఖరీదైన రకం అక్కరలేదు.

9. పురుగు

బెండ మీద పిండినల్లి, చిక్కుడు కొసలకు పేనుబంక వస్తాయి. మొదట నీటి ధారతో కడగండి, తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీరు కలిపి సాయంత్రం కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. పుచ్చు పట్టిన వంకాయలను మడిలో పడేయకుండా సంచిలో మూసి ఎండబెట్టి తీసేయండి. రసాయన మందు వాడాలా వద్దా అన్నది ఒక్కరు నిర్ణయించకూడదు, తినేది అందరూ కాబట్టి.

డ్రమ్ముల మూతలు తెరిచి ఉంచితే దోమల విషయంలో తోటకే చెడ్డపేరు వస్తుంది. వారానికోసారి ఖాళీ చేసి లోపల గోకి కడగండి. డెంగీ దోమ గుడ్లు డ్రమ్ము గోడకు అంటుకుని ఉంటాయి.

10. తుఫాను, సంక్రాంతి

అక్టోబరు, నవంబరుల్లో హెచ్చరిక రాగానే పందిరి వలలు, పలకలు, ఖాళీ కుండీలు దించేయండి, కోతకొచ్చినవన్నీ కోసి పంచేయండి, మడుల నుంచి నీరు పోయే కాలువలు తెరవండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవారికి ఎగిరే రేకు ఏం చేయగలదో చెప్పనక్కరలేదు. తుఫాను వెళ్లాక ఆకుల మీద చేరిన ఉప్పును మంచినీటితో కడగండి.

సంక్రాంతికి కాలనీ సగం ఖాళీ అవుతుంది. నీళ్లు పోసేవారి జాబితా డిసెంబరులోనే రాయండి, ఊళ్లకు వెళ్లనివారికి ఆ పది రోజుల కోతంతా ఇచ్చేయండి.

స్థలమే లేకపోతే

డాబా మీద చేయవచ్చు, కానీ బరువు లెక్క చూసుకోండి. మనుషులు తిరిగే డాబాలను సాధారణంగా చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువు లెక్కతో కడతారు. అడుగు మందాన పరిచిన తడి మట్టి అదే చదరపు మీటరుకు 500 కిలోల దాకా తూగుతుంది. డాబా మీద ఎప్పుడూ మట్టిని పరచకండి. కొబ్బరి పొట్టు ఎక్కువగా కలిపిన సంచులను గోడల, దూలాల మీదుగా విడివిడిగా ఉంచండి, కింద ఇటుకలు పెట్టి నీరు జారనివ్వండి. పాత భవనమైతే ఇంజనీరుకు చూపించాకే మొదలుపెట్టండి.

ఫలితం ఎలా సరిచూసుకోవాలి

నెలకోసారి పుస్తకం తెరిచి మూడు సంగతులు చూడండి. కోత రోజుల్లో తూచి రాసిన కాటా లెక్క పెరుగుతోందా? పనికి వచ్చే ఇళ్ల సంఖ్య మొదటి నెలతో పోలిస్తే తగ్గిందా? తగ్గితే మానినవారి ఇంటికి వెళ్లి అడగండి. తరచుగా కారణం పని వేళ కుదరకపోవడమే, ఆదివారానికి తోడు ఒక సాయంత్రం కలిపితే తిరిగి వస్తారు. మూడోది, మొదట్లో లేని ఇల్లు ఏదైనా కొత్తగా చేరిందా? ఆరు నెలలు దాటినా ఒక్క ఇల్లూ చేరకపోతే కూరలు బాగా పండుతున్నా తోట ఒక చిన్న బృందం సొంతమైపోతోందని గుర్తించి, పని వేళలను, బయటి వాటా వెళ్లే చోటును మార్చండి.

పంట తక్కువైతే విత్తనం మార్చకముందు నీళ్లు పోసే పట్టిక చూడండి. ఇద్దరు ఒకేరోజు పోయడం, మర్నాడు ఎవరూ పోయకపోవడం అన్నిచోట్లా జరిగేదే. డ్రమ్ముకు పలక కట్టి, పోసినవారు తేదీ రాసేలా చేస్తే సరిపోతుంది. అప్పుడూ కుదరకపోతే అనకాపల్లి వ్యవసాయ పరిశోధన స్థానానికి మట్టి నమూనా, తెగులు పట్టిన ఆకు తీసుకెళ్లి చూపించండి.

విత్తనానికి వదిలేది అన్నిటికంటే ఆరోగ్యంగా ఉన్న తీగకు కాసిన కాయను, ఆఖరికి మిగిలిన గిడసబారిన కాయను కాదు. ఆనపకాయను తీగ మీదే ఎండనిచ్చి, ఊపితే గింజలు గలగలమన్నాక కోసి, గింజలను నీడలో ఆరబెట్టి, జల్లించిన బూడిదతో కలిపి గాజు సీసాలో పోసి, రకం, నెల రాసిన చీటీ అంటించండి. అందులో సగం మీ మడులకు ఉంచి, సగం పక్క వీధివారు అడగడానికి వచ్చినప్పుడు ఇవ్వండి, మీ నోటుపుస్తకంలోని కోత నియమం నకలుతో సహా.